అల్బెర్టా ఆల్బమ్: ఎలుక లేని నేల, స్టీవ్ అనే వెలుగు

కెనడా పడమటి వైపున్న అల్బెర్టాకు వెళ్ళినవాళ్ళు ఫోటో అనగానే బాన్ఫ్ దారి పడతారు. మొరెయిన్ సరస్సు ఒడ్డున నిలబడి, వెనక పది శిఖరాలూ పడేలా ఒకటి తీసుకుని తిరిగొస్తారు. 1969, 1979 వరసల్లో వచ్చిన కెనడా ఇరవై డాలర్ల నోటు మీద ఉన్న దృశ్యం అదే. అందం విషయంలో దానికి వంక పెట్టలేం. అయినా నాకు ఎక్కువ ఇష్టం అక్కడ కాపురముంటున్నవాళ్ళు పనికి పోతూ వస్తూ తీసే ఫోటోలు. కారు అద్దంలోంచి ఆకాశం, ఊరి మొదట్లో నిలబడ్డ ఓ పేద్ద గుడ్డు, పొలం మధ్యలో ఎక్కడినుంచో వచ్చి పడ్డ బండరాయి. ఈ నేల రికార్డులు చాలావరకు అలాంటి మామూలు ఫోటోల్లోనే దొరుకుతాయి.

తూర్పున చదునుగా పరుచుకున్న ప్రేరీ మైదానం, పడమట రాకీ పర్వతాలు. మొత్తం 6,61,848 చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా అందులో సగానికి రావు. జనం మాత్రం సుమారు 50 లక్షలు. వాళ్ళలో ఎక్కువమంది కాల్గరీ, ఎడ్మంటన్ నగరాల్లో, చుట్టుపక్కలే ఉంటారు. అక్కడ స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలు కూడా ఎక్కువగా ఆ రెండు చోట్లే. ఆ రెండూ దాటితే దారి పొడుగునా కనిపించేది ఆకాశమే.

గంటలో 41 డిగ్రీలు

జనవరిలో కాల్గరీ వీధి ఫోటో ఒకటి ఊహించుకోండి. గోడ వారగా నడుములోతు మంచు, రోడ్డు మీద నీళ్ళ మడుగులు, పక్కనే పొట్టి చేతుల చొక్కాతో నడుస్తున్న మనిషి. ఇది చినూక్ గాలి చేసే పని. పసిఫిక్ నుంచి తేమతో వచ్చే గాలి రాకీల పడమటి వాలు మీద వానగానో మంచుగానో తన నీరంతా దించేస్తుంది. పొడిబారిపోయి తూర్పు వాలు మీదుగా కిందికి జారేటప్పుడు కిలోమీటరుకు దాదాపు పది డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. ఆ వేడిగాలి మైదానం మీదికి వచ్చిపడితే గడ్డకట్టిన ఊరు పూటలో కరిగిపోతుంది.

పించర్ క్రీక్ అనే ఊళ్ళో 1962 జనవరి 10న ఒక్క గంటలో ఉష్ణోగ్రత మైనస్ 19 నుంచి 22 డిగ్రీలకు ఎగబాకిందని నమోదైంది. స్వెటర్ విప్పేలోపు కాలమే మారిపోయిందన్నమాట. చినూక్ వీచేటప్పుడు పడమటి దిక్కున మబ్బు అంచు విల్లులా వంగి, దాని కింద పర్వతాల మీద శుభ్రమైన నీలి ఆకాశం కనిపిస్తుంది. దాన్నే చినూక్ ఆర్చ్ అంటారు. ఆఫీసుల నుంచి ఇంటికి పోతూ ఎక్కువమంది కెమెరా తీసేది ఈ విల్లు కోసమే. కొందరికి మాత్రం ఆ గాలి రాకముందే తలనొప్పి మొదలవుతుంది.

ఈ రాష్ట్రంలో అతి చలి మైనస్ 61.1 డిగ్రీలు, 1911 జనవరిలో ఫోర్ట్ వెర్మిలియన్‌లో. అతి వేడి 43.3 డిగ్రీలు, 1931 జులైలో బాసానో డ్యామ్ దగ్గర. ఒకే రాష్ట్రం, నూటనాలుగు డిగ్రీల తేడా!

అలాంటి చలిని తట్టుకోవడానికి కాల్గరీ నగరం నడిబొడ్డులో భవనాలను ఒకదానితో ఒకటి గాజు వంతెనలతో కలిపారు. నేలకు పదిహేను అడుగుల ఎత్తున ఉంటాయి కాబట్టి ‘ప్లస్ 15’ అని పేరు. 1970లో మొదలై ఇప్పుడు సుమారు 16 కిలోమీటర్లకు పెరిగాయి. ప్రపంచంలోని అతిపెద్ద ఆకాశ నడక దారుల్లో ఇదొకటి. కోటు వేసుకోకుండా ఆఫీసు నుంచి బ్యాంకుకు, అక్కణ్ణించి భోజనానికి వెళ్ళి రావచ్చు.

ఒలిచిన కొబ్బరికాయంత వడగల్లు

చలికాలం గడిచిందని ఊపిరి పీల్చుకుంటే వేసవిలో వడగళ్ళ భయం. కాల్గరీ నుంచి ఉత్తరంగా సాగే పట్టీకి ‘వడగళ్ళ సందు’ అనే అర్థంలో పేరే పడిపోయింది. 2022 ఆగస్టు 1న మార్కర్‌విల్ దగ్గర పరిశోధకులు సేకరించిన వడగల్లు 292.71 గ్రాములు తూగింది. అడ్డకొలత 123 మిల్లీమీటర్లు. కెనడాలో ఇప్పటిదాకా తూచినవాటిలో అదే పెద్దది. మనవైపు మామిడికాయల మీద పడే గోళీల్లాంటి వడగళ్ళు చూసినవాళ్ళు, పైనుంచి ఒలిచిన కొబ్బరికాయ పడినట్టు తలుచుకోవాలి.

ఎలుక నిలదొక్కుకోని నేల

అల్బెర్టా ఫోటోలు వెయ్యి తిరగేసినా ఒకటి కనిపించదు: ఎలుక. మన ధాన్యం గాదెల్లో, కిరాణా కొట్ల వెనక, రైలు పట్టాల మధ్య తిరిగే ఆ జీవి ఈ నేలపై స్థిరనివాసం ఏర్పరుచుకోలేకపోయింది. ప్రపంచంలో మనుషులుండీ ఎలుకలు లేని అతిపెద్ద ప్రాంతాల్లో ఇది ఒకటి. నన్నడిగితే ఈ రాష్ట్రపు రికార్డులన్నిటిలోకీ గొప్పది ఇదే, ఎందుకంటే ఇది ప్రకృతి ఇచ్చింది కాదు, డెబ్బై అయిదేళ్ళుగా మనుషులు రోజూ నిలబెట్టుకుంటున్నది.

ఓడల్లో అమెరికా ఖండం చేరిన ఎలుకలు తూర్పు తీరం నుంచి ఏడాదికి కొంత చొప్పున పడమటికి పాకుతూ వచ్చాయి. 1950లో తూర్పు పొరుగు రాష్ట్రం సస్కాచివాన్ సరిహద్దు మీదున్న ఆల్సాస్క్ దగ్గర ఒక పొలంలో కనిపించాయి. పడమట రాకీ పర్వతాలు, ఉత్తరాన చలి, దక్షిణాన ఇళ్ళు అరుదైన మోంటానా. అంటే రావడానికి అసలు దారి తూర్పు ఒక్కటే. ప్రభుత్వం ఆ తూర్పు సరిహద్దునే కోటగోడ చేసుకుంది. సుమారు 600 కిలోమీటర్ల పొడవు, 29 కిలోమీటర్ల వెడల్పున్న పట్టీలో పొలం పొలం, కొట్టం కొట్టం తనిఖీ చేస్తారు. గోడపత్రాలు అచ్చువేసి, అసలు ఎలుకంటే ఎలా ఉంటుందో జనానికి నేర్పారు. ఎందుకంటే వాళ్ళలో చాలామంది దాన్ని ఎన్నడూ చూసి ఎరగరు!

ఇప్పటికీ అదే తంతు. ఇంట్లో పెంచుకోవడానికి కూడా ఎలుకను తేకూడదు. తెస్తే 5,000 డాలర్ల దాకా జరిమానా. అనుమానం వస్తే జనం ఫోటో తీసి అధికారులకు పంపుతారు. వాటిలో ఎక్కువ భాగం చివరికి మస్క్‌రాట్ అనే నీటి జంతువుదో, ఏదైనా ఉడుత జాతిదో అని తేలుతుంది. 2012లో మెడిసిన్ హ్యాట్ చెత్తకుప్పలో నిజంగానే ఎలుకల గుంపు బయటపడితే అది పెద్ద వార్త అయింది. చివరిదాకా వెంటపడి వాటిని ఏరేశారు.

లెక్కల్లోంచి పుట్టిన గుడ్డు

ఎడ్మంటన్ నుంచి తూర్పుగా కారులో గంటకు పైగా వెళ్తే వెగ్రెవిల్. ఊరి అంచున పార్కులో రంగురంగుల ఈస్టర్ గుడ్డు, ఉక్రెయిన్ వాళ్ళు ‘పిసాంకా’ అనేది, గాలికి అటూ ఇటూ తిరుగుతూ కనిపిస్తుంది. పొడవు 7.8 మీటర్లు, బరువు 5,000 పౌండ్లు. 1975లో నిలబెట్టినప్పుడు ప్రపంచంలో అతిపెద్ద పిసాంకాగా పేరు తెచ్చుకుంది.

1890ల నుంచి ఉక్రెయిన్ రైతులు ఈ ప్రాంతానికి వలసొచ్చి అడవి కొట్టి సేద్యం చేశారు. మైనంతో ముగ్గులు పెట్టి గుడ్లకు రంగులద్దే తమ ఆచారాన్ని వెంట తెచ్చుకున్నారు. కెనడా మౌంటెడ్ పోలీసు దళం శతజయంతికి గుర్తుగా అలాంటి గుడ్డే కావాలనుకున్నారు గానీ, లోహపు పలకలతో అంత పెద్ద గుడ్డు ఎలా కట్టాలో ఎవరికీ తెలియలేదు. గుడ్డు గోళం కాదు, దానికి చేతికందే సూత్రం లేదు. యూటా విశ్వవిద్యాలయంలో పనిచేసే రొనాల్డ్ రెష్ కంప్యూటర్ ముందు కూర్చుని దాని వంపును గణితంలోకి దించాడు. 2,208 త్రికోణాలు, 524 నక్షత్రాకారాలు. వంపు అంతా ఈ చిన్న పలకలు కలిసిన తీరులోంచి వచ్చిందే. ఒక పల్లె ఆచారం అప్పటికి సరికొత్తదైన కంప్యూటర్ విద్యను ఇలా వాడుకోవడం నాకు ఎంత తలచుకున్నా ముచ్చటగానే ఉంటుంది.

ఆ చుట్టుపక్కల ఊళ్ళకు పెద్ద బొమ్మల మీద మక్కువ ఎక్కువ. ముండారేలో 42 అడుగుల మాంసపు సాసేజ్, గ్లెండన్‌లో ఫోర్కుకు గుచ్చిన 27 అడుగుల పెరోగీ. ఇది మన కజ్జికాయ ఆకారంలో ఉండే ఉక్రెయిన్ వంటకం. సెయింట్ పాల్ ఊరివాళ్ళు 1967లో కెనడా శతజయంతికి ఎగిరే పళ్ళాలు దిగడానికి కాంక్రీటు వేదికే కట్టారు. దక్షిణాన వల్కన్ ఊరికి రోమన్ల అగ్నిదేవుడి పేరు పెట్టింది రైల్వే సర్వేయర్. స్టార్ ట్రెక్‌లోనూ అదే పేరున్న గ్రహం ఉంది కాబట్టి ఊరి ముందు అంతరిక్ష నౌక నిలబెట్టుకున్నారు. ఆ గ్రహవాసిగా నటించిన లియొనార్డ్ నిమోయ్ 2010లో స్వయంగా ఆ ఊరొచ్చాడు.

డ్రమ్‌హెల్లర్‌లోని టైరనోసారస్ డైనోసార్ బొమ్మ మరీ పెద్దది. ఎత్తు 26 మీటర్లు. లోపల 106 మెట్లెక్కి దాని నోట్లో పళ్ళ మధ్య నిలబడి ఊరంతా చూడొచ్చు. అదే ఊరి శివార్లలో ఆరుగురే కూర్చోగల చర్చి ఉంది. రెండూ ఒకే రోజున ఫోటో తీసుకుని వచ్చేవాళ్ళే ఎక్కువ.

రాయి నడిచిన దారి

కాల్గరీకి దక్షిణాన ఒకోటోక్స్ దగ్గర గోధుమ చేల మధ్య ఓ ఇంటి కంటే పెద్ద బండ, నిలువునా చీలి, ఒంటరిగా కూర్చుని ఉంటుంది. బరువు సుమారు 16,500 టన్నులు. దాని జాతి రాయి అక్కడ ఎక్కడా లేదు. మంచుయుగంలో జాస్పర్ వైపు కొండచరియ విరిగి హిమానీనదం మీద పడింది, ఆ మంచు దాన్ని వందల కిలోమీటర్లు మోసుకొచ్చి, కరిగిపోతూ ఇక్కడ వదిలేసింది. ఊరి పేరే అక్కడి ఆదివాసులైన బ్లాక్‌ఫుట్ జాతివాళ్ళ భాషలో ‘రాయి’ అనే మాట నుంచి వచ్చింది. వాళ్ళ కథ ఇంకా బాగుంటుంది. నాపి అనే మాయగాడు ఎండవేళ ఆ రాతి మీద విశ్రమించి తన దుప్పటి దానికి ఇచ్చేశాడట. వాన రాగానే వెనక్కి లాక్కున్నాడు. రాయికి కోపమొచ్చి దొర్లుకుంటూ వెంటపడింది. గబ్బిలాలు వచ్చి గుద్దుకుని దాన్ని రెండుగా పగలగొట్టాయి. గబ్బిలం ముఖం చప్పిడిగా ఉండటానికి కారణం అదేనట.

క్రోస్‌నెస్ట్ లోయలో రాళ్ళ కథలో మాత్రం నవ్వు లేదు. 1903 ఏప్రిల్ 29 తెల్లవారుజామున టర్టిల్ కొండ ముఖం విరిగి ఫ్రాంక్ అనే గనుల ఊరి అంచు మీద పడింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. 70 నుంచి 90 మంది దాకా చనిపోయారు. కొండ కింద గనిలో చిక్కుకున్న 17 మంది బొగ్గు పొర వెంట తవ్వుకుంటూ తామే బయటపడ్డారు. ఇప్పుడు హైవే, రైలు దారి ఆ రాళ్ళ మధ్యలోంచే వెళ్తాయి. కింద ఉన్నవాళ్ళలో చాలామంది ఇంకా అక్కడే ఉన్నారు.

రైలు దారి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి: లెత్‌బ్రిడ్జ్‌లో లోయ మీదుగా పోయే ఉక్కు రైలు వంతెన 1909లో పూర్తయింది. పొడవు 1.6 కిలోమీటర్లు, ఎత్తు ముప్పై అంతస్తులంత. పొడవు ఒక్కటే చూస్తే అంతకు ముందే, 1900లో, గోదావరి మీద పూర్తయిన రాజమండ్రి హేవలాక్ వంతెన దీన్ని మించుతుంది. పొడవూ ఎత్తూ కలిసిన ఉక్కు కాళ్ళ వంతెనల్లో మాత్రం దీనికి పోటీ లేదు.

కరిగిపోతున్నవి

ప్రేరీ ఫోటో అంటే ఒకప్పుడు గ్రెయిన్ ఎలివేటర్ ఉండాల్సిందే. ఊరి పేరు రాసి, రైలు పట్టాల పక్కన నిలువుగా నిలబడ్డ చెక్క కట్టడం. గుర్రపు బండి మీద ధాన్యం తెచ్చుకుని సాయంత్రానికి ఇల్లు చేరేంత దూరాన ఒక్కొక్కటి కట్టారు. 1930లలో 1,700కు పైగా ఉండేవి. లారీలు, కాంక్రీటు గిడ్డంగులు వచ్చాక ఒక్కొక్కటే కూలగొట్టారు. వరుసగా నిలిచినవి చూడాలంటే ఇప్పుడు వార్నర్ ఊరికి వెళ్ళాలి.

రాకీల్లో అతిపెద్దదైన కొలంబియా మంచుమైదానంలో స్నో డోమ్ అనే శిఖరం ఉంది. ఎత్తు 3,456 మీటర్లు. దాని మంచు కరిగి ఒక వైపు పసిఫిక్‌కు, ఒక వైపు ఆర్కిటిక్‌కు, మరో వైపు హడ్సన్ బే ద్వారా అట్లాంటిక్‌కు పోతుంది. పక్కనున్న అథబాస్కా హిమానీనదం గత 125 ఏళ్ళలో కిలోమీటరున్నరకు పైగా వెనక్కి జరిగింది. ఏ ఏడు దాని అంచు ఎక్కడుండేదో చూపే పలకలు దారి పక్కన నాటారు. పిల్లలతో వచ్చేవాళ్ళు ఆ పలకల దగ్గర ఆగి ఫోటో తీసుకుంటారు. అక్కణ్ణించి మంచుదాకా రాళ్ళ మీద నడక ఏటా కొంచెం పెరుగుతోంది.

ఫోటోలే కనిపెట్టిన వెలుగు

ఉత్తరాన ఉడ్ బఫెలో జాతీయ పార్కు కేరళ కంటే పెద్దది. అక్కడ బీవర్లు అనే జంతువులు కట్టిన ముప్పావు కిలోమీటరుకు పైగా పొడవైన ఆనకట్టను 2007లో ఒక పరిశోధకుడు ఇంట్లో కూర్చుని ఉపగ్రహ చిత్రాల్లో చూశాడు. అంతకంటే ఆశ్చర్యం అల్బెర్టా రాత్రి ఆకాశంలో జరిగింది.

ధ్రువకాంతులు ఆకుపచ్చ తెరల్లా ఊగుతాయి. కానీ కొన్ని రాత్రుల్లో వాటికి దక్షిణంగా, తూర్పు నుంచి పడమటికి, సన్నటి ఊదారంగు పట్టీ ఒకటి వెలుగుతోందని ‘అల్బెర్టా అరోరా చేజర్స్’ అనే ఔత్సాహిక ఫోటోగ్రాఫర్ల బృందం గమనించింది. ఉద్యోగాలు చేసుకుంటూ, చలిలో రోడ్డు పక్కన ట్రైపాడ్ పెట్టుకునే మామూలు మనుషులు వాళ్ళు. ప్రోటాన్ల వల్ల వచ్చే కాంతి అనుకున్నారు. కాల్గరీ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త ఎరిక్ డొనోవన్ వాళ్ళ ఫోటోలు చూసి, ప్రోటాన్ల కాంతి కంటికి కనిపించదు, ఇది మరేదో అన్నాడు. పేరు లేదు కాబట్టి ‘ఓవర్ ది హెడ్జ్’ అనే పిల్లల సినిమాలో జంతువులు తెలియని దానికి పెట్టుకున్న పేరే వీళ్ళూ పెట్టారు: స్టీవ్.

ఆ పట్టీలోంచి ఒక ఉపగ్రహం దూసుకెళ్ళిన సమాచారం దొరికింది. లోపల వాయువు దాదాపు 3,000 డిగ్రీల వేడితో, సెకనుకు ఆరు కిలోమీటర్ల వేగంతో పడమటికి పరుగెడుతోంది. 2018లో పరిశోధన పత్రం అచ్చయింది. శాస్త్రవేత్తలు పేరు మార్చలేదు. స్టీవ్ అనే అక్షరాలకు సరిపోయే శాస్త్రీయ మాటలు వెతికి అమర్చారు. ఆ తర్వాత పాత ఫోటోలు తిరగేసి చూస్తే, దశాబ్దాల కిందట తీసినవాటిలో కూడా ఆ ఊదా గీత స్పష్టంగా ఉంది.