తెర ఎవరిది?

1933 మార్చి 29న బెర్లిన్‌లో రెండు నిర్ణయాలు జరిగాయి. సెన్సారువాళ్లు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘డాక్టర్ మబుజె వీలునామా’ సినిమాను నిషేధించారు. పిచ్చాసుపత్రి గదిలో కూర్చుని, జనాన్ని భయంతో వణికించి దేశాన్ని గుప్పిట్లో పెట్టుకోవడం ఎలాగో పేజీల కొద్దీ రాసే నేరస్థుడి కథ అది. అదే రోజు ఊఫా అనే సినిమా కంపెనీ బోర్డు సమావేశమైంది. యూరప్‌లో అంత పెద్ద సినిమా కంపెనీ మరొకటి లేదు. తన దగ్గర పనిచేసే యూదులతో ఒప్పందాలు తెంచుకోవాలని ఆ బోర్డు తీర్మానించింది. అలా పోవాల్సినవాళ్లలో ఎరిక్ పోమర్ ఒకరు. ‘కలిగారి’, ‘మెట్రోపొలిస్’, ‘బ్లూ ఏంజెల్’ నిర్మించి, జర్మన్ సినిమా అంటే ప్రపంచం తలతిప్పి చూసేలా చేసిన నిర్మాత ఆయనే.

మొదటిది ప్రభుత్వం చేసిన పని. రెండోది చెయ్యమని చెప్పే చట్టం అప్పటికి ఒక్కటీ లేదు. యూదుల్ని ప్రభుత్వ కొలువుల్లోంచి తీసేసే చట్టమే ఏప్రిల్ 7న గానీ రాలేదు. ముందురోజు నాజీ ప్రచార మంత్రి గెబెల్స్ సినిమావాళ్లను సమావేశపరిచి మాట్లాడాడు, అంతే. ఆ మాట చాలింది కంపెనీకి.

ఆనాటి జర్మన్ కళ గురించి చెప్పేటప్పుడు, ఇంత గొప్ప చిత్రకారులూ దర్శకులూ ఆలోచనాపరులూ ఉన్న దేశంలోకి హిట్లర్ ఎలా వచ్చాడని కొందరు ఆశ్చర్యపోతారు. కళాకారులు అప్పుడేం చేస్తున్నారని ఇంకొందరు నిలదీస్తారు. కళాకారులు ఊరుకోలేదు. చూశారు, చెప్పారు. చాలామంది చాలా ముందే చెప్పారు. కానీ సినిమా తియ్యాలంటే డబ్బు కావాలి, ఆడటానికి హాలు కావాలి, సెన్సారు అనుమతి కావాలి. ఈ మూడూ ఎవరి చేతుల్లోకి వెళ్లాయో చూడకుండా కళాకారుల్ని పొగిడినా తిట్టినా ప్రయోజనం లేదు.

సైన్యం పెట్టించిన కంపెనీ

ఊఫా పుట్టిందే యుద్ధం కోసం. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం సాగుతుండగా, శత్రుదేశాల సినిమాలు లోకం మనసు మార్చేస్తున్నాయని సైన్యాధికారి లూడెన్‌డార్ఫ్ గ్రహించాడు. మనకూ ఒక బలమైన సినిమా సంస్థ కావాలని ప్రభుత్వానికి లేఖ రాశాడు. ఆ డిసెంబరులో రెండున్నర కోట్ల మార్కుల పెట్టుబడితో ఊఫా మొదలైంది. అందులో డాయిషె బ్యాంకు ఉంది, తెరవెనుక ప్రభుత్వమూ ఉంది. ఏడాది తిరక్కుండానే యుద్ధం ఓడిపోయి, 1918 నవంబరులో చక్రవర్తి గద్దె దిగాడు. వైమార్ పట్టణంలో రాసుకున్న రాజ్యాంగంతో కొత్త గణతంత్రం వచ్చింది. కంపెనీ మాత్రం నిలిచింది.

1920 ఫిబ్రవరిలో వచ్చిన ‘డాక్టర్ కలిగారి’ సినిమాను మరో చిన్న సంస్థ తీసింది, ఆ సంస్థ తర్వాత ఊఫాలో కలిసిపోయింది. ఇందులో ఊరంతా గుడ్డ మీద వేసిన రంగులే. ఇళ్లు పక్కకు ఒరిగి ఉంటాయి, కిటికీలు కత్తుల్లా ఉంటాయి, నీడలు కూడా దీపం వేసినవి కావు, కుంచె వేసినవి. తిరునాళ్లకొచ్చిన కలిగారి అనే ఆసామి, నిద్రలో నడిచే సెజారె అనే యువకుణ్ని డేరాలో ప్రదర్శిస్తుంటాడు. రాత్రిళ్లు అతని చేతే హత్యలు చేయిస్తాడు. చివరికి చూస్తే ఆ కలిగారి ఒక పిచ్చాసుపత్రికి అధిపతి!

కథ రాసినవాళ్లలో ఒకడైన హాన్స్ యానొవిట్జ్ యుద్ధంలో పనిచేసి, అధికారమంటే అసహ్యం పెంచుకుని వచ్చినవాడు. మామూలు మనుషుల్ని నిద్రలో నడిపించి చంపించే అధికారం మీద తిరుగుబాటుగా ఈ కథ రాశామన్నాడు. కానీ సినిమా ముగింపులో ఇదంతా ఒక పిచ్చివాడి ఊహ అనీ, ఆ అధిపతి నిజానికి మంచి వైద్యుడనీ తేలుతుంది. తిరుగుబాటు కథను తలకిందులు చేసి అధికారానికి దండం పెట్టించారని విమర్శకుడు జీగ్‌ఫ్రీడ్ క్రాకవర్ 1947లో తన ప్రసిద్ధ పుస్తకంలో వాదించాడు. తర్వాతెప్పుడో అసలు స్క్రిప్టు దొరికింది. అందులోనూ కథకు ముందొక చట్రం ఉంది. అయితే అక్కడ నాయకుడు పిచ్చివాడు కాదు, ఏళ్ల తర్వాత స్నేహితులకు జరిగింది చెబుతున్న గృహస్థుడు. కాబట్టి క్రాకవర్ వాదం పూర్తిగా నిలవదు, పూర్తిగా పోదు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నాకు నేటికీ ముఖ్యమే: కథ ముగింపును మార్చే అధికారం ఎవరిది?

ఒక తల్లి, ఒక చెక్క ముక్క

ముగింపు తన చేతిలోనే ఉంచుకున్న కళాకారిణి ఒకామె ఉంది. కేథ కోల్విట్జ్. ఈ కథనంలో నా మనసు ఎక్కువసేపు ఆగేది ఈమె దగ్గరే.

ఆమె భర్త కార్ల్ బెర్లిన్ ఉత్తర భాగంలో, కార్మికుల పేటలో పేదల వైద్యుడు. అక్కడికి వచ్చే ఆడవాళ్ల ముఖాలే ఆమె బొమ్మల్లోకి వచ్చాయి. 1844లో సైలీషియా నేతగాళ్లు చేసిన తిరుగుబాటు మీద ఆమె వేసిన బొమ్మల వరుసకు బంగారు పతకం ఇవ్వాలని 1898లో నిర్ణేతలు సిఫార్సు చేస్తే, చక్రవర్తి ఒప్పుకోలేదు. ఆ వరుసలో మొదటి బొమ్మ చూడండి. ఇరుకు గది, వెనక మగ్గం, మంచం మీద చావుకు దగ్గరైన బిడ్డ, తల చేతుల్లో పెట్టుకున్న తల్లి. ఉపన్యాసం లేదు, నినాదం లేదు.

1914లో యుద్ధం మొదలవగానే ఆమె చిన్నకొడుకు పీటర్ సైన్యంలో చేరతానన్నాడు. 18 ఏళ్లు. తండ్రి అనుమతి కావాలి. తండ్రి వద్దన్నాడు. ఒప్పించింది తల్లి. అక్టోబరులో బెల్జియంలో పీటర్ చనిపోయాడు. కొడుకు సమాధి కోసం ఒక శిల్పం చెయ్యాలని అప్పుడే మొదలుపెట్టిన ఆమెకు అది పూర్తి చెయ్యడానికి 1932 దాకా పట్టింది. మోకాళ్ల మీద కూర్చున్న తల్లీ తండ్రీ, ఇద్దరూ వేరువేరుగా, ఎవరి దుఃఖంలో వాళ్లు. ముఖాలు ఆమెవీ, కార్ల్‌వీ. మధ్యలో ‘యుద్ధం’ పేరుతో ఏడు చెక్కపలక అచ్చుబొమ్మలు చేసింది. ఒకదానిలో మృత్యువు డప్పు కొడుతుంటే యువకులు మైమరచి వెంట పోతుంటారు. మృత్యువు పక్కనే ఉన్న కుర్రాడు పీటర్.

1919 జనవరి 15న కమ్యూనిస్టు నాయకులు రోజా లగ్జెంబర్గ్, కార్ల్ లీబ్‌క్నెక్ట్‌లను బెర్లిన్‌లో చంపేశారు. చంపింది మాజీ సైనికుల దళం, ఆ దళాల్ని పిలిపించింది సోషల్ డెమోక్రాట్ల ప్రభుత్వం. లీబ్‌క్నెక్ట్ కుటుంబం అడిగితే కోల్విట్జ్ శవాగారానికి వెళ్లి ఆయన బొమ్మ గీసుకుంది. ఆమె ఆయన పార్టీ మనిషి కాదు. అయినా ఆయన్ని పోగొట్టుకున్న కార్మికుల దుఃఖం చిత్రించే హక్కు తనకుందనుకుంది. రాగిరేకు మీద చేసింది, రాతి అచ్చులో చేసింది, నచ్చలేదు. చివరికి చెక్క మీద చెక్కితే కుదిరింది. శవం మీదికి వంగిన కార్మికుల మొరటు చేతులే ఆ బొమ్మకు ప్రాణం.

ఈ పనికి ఆమెకు కావలసిందల్లా చెక్క ముక్క, ఉలి, సిరా, కాగితం. బ్యాంకు అప్పు అక్కర్లేదు. జాన్ హార్ట్‌ఫీల్డ్ కత్తెరతో అదే పని చేశాడు. పత్రికల ఫొటోలు కత్తిరించి అతికించి, హిట్లర్ చేతిలోకి పెట్టుబడిదారు నోట్లు పెడుతున్నట్టు 1932లోనే ముఖచిత్రం వేశాడు. కార్మికుల వారపత్రికలో అది లక్షల ఇళ్లకు చేరింది.

అప్పుల్లో పడ్డ ఊఫా

సినిమాకు ఆ వెసులుబాటు లేదు. 1923 నవంబరు నాటికి డాలరు విలువ 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరిన దేశమది. మార్కు మళ్లీ కుదుటపడ్డాక, హాలీవుడ్‌తో పోటీపడాలని ఊఫా ‘మెట్రోపొలిస్’ మొదలుపెట్టింది. 15 లక్షల మార్కులనుకున్న ఖర్చు 50 లక్షలు దాటింది. 1927 జనవరిలో విడుదలై నష్టం మిగిల్చింది. భూమి కింద యంత్రాలకు బలవుతున్న కార్మికుల్ని అంత భయంకరంగా చూపించిన ఆ సినిమా, చివర్లో యజమానికీ కార్మికుడికీ చేతులు కలిపించి సర్దుబాటు చేసేస్తుంది. చూసిన ప్రతిసారీ ఆ ముగింపు నాకు మింగుడుపడదు.

మునుగుతున్న కంపెనీని అదే ఏడాది ఆల్‌ఫ్రెడ్ హూగెన్‌బర్గ్ కొన్నాడు. ఆయుధాలు చేసే క్రుప్ సంస్థను నడిపినవాడు, పత్రికల అధిపతి, గణతంత్రాన్ని ద్వేషించే మితవాద పార్టీకి 1928 నుంచి నాయకుడు. 1933లో హిట్లర్ తొలి మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి కూడా ఇతనే. పత్రికలు, న్యూస్‌రీళ్లు, స్టూడియో, హాళ్లు ఇలా ఒక్క మనిషి కిందికి వచ్చాయి. అప్పుడు పోయిన స్వతంత్రతను జర్మన్ సినిమా తిరిగి తెచ్చుకోలేకపోయింది. 1933లో బోర్డు అంత తేలిగ్గా ఎందుకు వంగిందో ఇక్కడే తెలుస్తుంది.

ఆ స్టూడియోతో మన నేల మీద పుట్టిన ఒకరికీ సంబంధం ఉంది. విశాఖపట్నంలోని వాల్తేరులో 1908లో పుట్టిన దేవికారాణి, హిమాంశు రాయ్‌తో కలిసి ఊఫాలో పని నేర్చుకుంది. తర్వాత 1934లో ఇద్దరూ బాంబే టాకీస్ పెట్టినప్పుడు దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్‌నూ, ఛాయాగ్రాహకుడు జోసెఫ్ విర్షింగ్‌నూ జర్మనీ నుంచి తెచ్చుకున్నారు. అంటరానితనం మీద తీసిన ‘అఛూత్ కన్య’కు దర్శకుడైన ఆస్టెన్ నాజీ పార్టీ సభ్యుడు. విర్షింగ్ ఇక్కడే ఉండిపోయి ‘పాకీజా’ దాకా మనకు నీడల అందం చూపించాడు.

హూగెన్‌బర్గ్ పరిధికి బయట కూడా సినిమాలు వచ్చాయి. అప్పుడు అడ్డుకునే బాధ్యత వీధీ సెన్సారూ పంచుకున్నాయి. 1930 డిసెంబరులో, రెమార్క్ యుద్ధ వ్యతిరేక నవల ఆధారంగా అమెరికావాళ్లు తీసిన సినిమా బెర్లిన్ హాలులో ఆడుతుంటే, గెబెల్స్ మనుషులు దుర్వాసన గుళికలు విసిరారు, తెల్ల ఎలుకల్ని వదిలారు. రోజుల తరబడి వీధుల్లో గొడవ చేశారు. సెన్సారు బోర్డు గొడవ చేసినవాళ్లను కాదు, సినిమాను ఆపింది. అది గణతంత్ర ప్రభుత్వం నడుస్తుండగానే! గణతంత్రం ఎక్కడ ఓడిపోయిందని అడిగితే నేను ఈ హాలునే చూపిస్తాను.

నాటకకర్త బ్రెహ్ట్ రాసిన ‘కూలె వాంపె’ సినిమా 1932లో నిషేధానికి గురై, కోతలతో బయటపడింది. భృతి పోయిన కుర్రాడు కిటికీలోంచి దూకే ముందు చేతి గడియారం విప్పి జాగ్రత్తగా పెడతాడు. అది ఎవరికైనా పనికొస్తుంది కదా. ఆ చావు ఒక్కడి విషాదంలా కాక ఒక వర్గం మొత్తం గతిలా కనిపిస్తోందన్నది సెన్సారు అభ్యంతరం. సినిమాను అంత సరిగ్గా అర్థం చేసుకున్నది ఆ సెన్సారు అధికారేనని బ్రెహ్ట్ స్వయంగా రాసుకున్నాడు.

గుమస్తాల ఓట్లు

క్రాకవర్ అప్పట్లో ఫ్రాంక్‌ఫర్ట్ దినపత్రికలో పనిచేస్తూ బెర్లిన్ ఆఫీసులు తిరిగాడు. టైపిస్టులతో, గుమస్తాలతో, దుకాణాల్లో అమ్మే అమ్మాయిలతో మాట్లాడి 1930లో పుస్తకం వేశాడు. జీతం చూస్తే కార్మికుడిది, మనసు చూస్తే మధ్యతరగతిది. సాయంత్రం మెరిసే సినిమా హాళ్లలో ఆ వెలితి మరిచిపోవడం. వాళ్ల భయానికి ఏ పార్టీ దగ్గరా జవాబు లేదని ఆయనకు అర్థమైంది. 1928లో నాజీలకు 2.6 శాతం ఓట్లు. ఆర్థిక మాంద్యం వచ్చాక 1930లో 18.3. నిరుద్యోగులు 60 లక్షలకు చేరిన 1932లో, జులై నాటికి 37.3.

అప్పుడు కోల్విట్జ్, ఐన్‌స్టీన్, హైన్రిక్ మాన్ తదితరులు ఒక విజ్ఞప్తి మీద సంతకాలు చేశారు: సోషల్ డెమోక్రాట్లూ కమ్యూనిస్టులూ ఎన్నికల్లో కలవండి. 1919 నెత్తురు మధ్యలో ఉంది. వాళ్లు కలవలేదు. 1932 నవంబరు ఎన్నికల్లో ఆ రెండు పార్టీలకు కలిపి 221 సీట్లు, నాజీలకు 196. కళాకారులు రాజకీయం తెలియని అమాయకులని ఎవరన్నా అంటే ఈ అంకెలు చూపించాలి. 1933 ఫిబ్రవరిలో అదే విజ్ఞప్తి మళ్లీ గోడలకెక్కినందుకు, ప్రష్యన్ కళా అకాడమీకి ఎన్నికైన తొలి మహిళ కోల్విట్జ్‌ను అందులోంచి వెళ్లగొట్టారు.

తర్వాత ఎవరి దారి వారిది. నాజీ దళం ఇంట్లోకి చొరబడితే హార్ట్‌ఫీల్డ్ బాల్కనీలోంచి దూకి ప్రేగ్ చేరాడు. లాంగ్ దేశం విడిచాడు, అతని సినిమాల రచయిత్రి, భార్య థియా విడాకులు తీసుకుని అక్కడే ఉండి నాజీ పార్టీలో చేరింది. కలిగారిగా నటించిన వెర్నర్ క్రౌస్ 1940లో యూదుల మీద విషం చిమ్మిన ‘యూద్ జూస్’లో అనేక యూదు వేషాలు వేశాడు. అతని చేతి బొమ్మ సెజారెగా చేసిన కాన్రాడ్ ఫైట్ యూదు భార్యతో దేశం వదిలి, ‘కాసాబ్లాంకా’లో నాజీ అధికారి వేషం వేశాడు. ఒకే చట్రంలో నిలబడ్డ ఇద్దరు నటులు. 1937లో మ్యూనిక్‌లో ‘పతనమైన కళ’ పేరుతో 650 దాకా చిత్రాలు, శిల్పాలు వెక్కిరింపుగా వేలాడదీస్తే, 20 లక్షల మందికి పైగా వచ్చి చూశారు. నాజీ పార్టీ సభ్యుడైన చిత్రకారుడు ఎమిల్ నోల్డె బొమ్మలూ వాటిలో ఉన్నాయి. విధేయత కూడా అతని రంగుల్ని కాపాడలేదు.

జర్మన్ ఆలోచనాపరుడు వాల్టర్ బెన్యమిన్ పారిస్ ప్రవాసంలో కూర్చుని ఈ అనుభవానికి సిద్ధాంతం కట్టాడు. ఫాసిజం జనానికి హక్కులివ్వదు, ఊరేగింపుల్లో, తెరమీద తమను తాము చూసుకునే అవకాశం మాత్రం ఇస్తుంది, రాజకీయాన్నే కళలా అలంకరిస్తుంది, ఆ దారి యుద్ధానికి చేరుతుంది అన్నాడు. 1940లో స్పెయిన్ సరిహద్దులో ప్రాణం తీసుకున్నాడు.

ఈ సినిమాల్లో చాలావాటిని ఇప్పుడు శుభ్రం చేసిన ప్రింట్లలో ఇంట్లోనే చూడొచ్చు. లాంగ్ తీసిన ‘ఎం’తో మొదలుపెట్టండి. ఊఫా బయట తయారైన సినిమా అది. పసిపిల్లల్ని చంపే హంతకుణ్ని నగరంలోని దొంగలే పట్టుకుని, నేలమాళిగలో న్యాయస్థానం పెట్టి, చంపెయ్యమని అరుస్తారు. హంతకుడిగా నటించిన పీటర్ లోరే మోకాళ్ల మీద పడి చెప్పుకొనే మాటలు వినండి. ఆ దృశ్యాన్నే కోసి తెచ్చి, నటుడు యూదు కాబట్టి, 1940లో నాజీలు తమ ద్వేషప్రచార చిత్రంలో అతికించుకున్నారు. వింటూ ఆ గదిలోని గుంపు ముఖాల్ని కూడా గమనించండి. ‘ఎం’ విడుదలైంది 1931 మే నెలలో. హిట్లర్ గద్దెనెక్కడానికి అప్పటికి ఇంకా 20 నెలలకు పైగా సమయం ఉంది.