చెవులుంటే చాలదు, చెవిన పెట్టాలి
మంచి నాయకుడెవరు? బధిరులు రెండు పోరాటాలతో ఇచ్చిన జవాబు

వాషింగ్టన్‌లోని గాలడెట్ విశ్వవిద్యాలయం బధిరుల ఉన్నత విద్య కోసం 1864లో ఏర్పడింది. ఆ తర్వాత 124 ఏళ్ల పాటు ఒక్క బధిరుడికీ దాని అధ్యక్ష పదవి దక్కలేదు. 1988 మార్చిలో తుది పరిశీలనకు వచ్చిన ముగ్గురిలో ఇద్దరు బధిరులే. అయినా పాలక మండలి సంజ్ఞా భాష రాని ఎలిజబెత్ జిన్సర్‌ను ఎంపిక చేసింది. విద్యార్థులు గేట్లు మూసేశారు. వారం తిరిగేసరికి ఆమె తప్పుకున్నారు. 21వ ఏట మోటార్‌సైకిల్ ప్రమాదంతో వినికిడి కోల్పోయిన ఐ. కింగ్ జోర్డాన్ తొలి బధిర అధ్యక్షుడయ్యారు.

మనవాడైతే చాలన్నదే ఆ పోరాట సారమనుకుంటే పొరపాటు. 2006లో జోర్డాన్ వారసురాలిగా ఎంపికైన జేన్ ఫెర్నాండెజ్ పుట్టు బధిరురాలు. ఆమెనూ విద్యార్థులు, అధ్యాపకులు వ్యతిరేకించారు. అక్టోబర్‌లో వందమందికి పైగా అరెస్టయ్యారు. చివరికి మండలి నియామకాన్ని రద్దు చేసింది. సంజ్ఞా భాషను ఆలస్యంగా నేర్చుకున్న తనను పూర్తి బధిరురాలిగా అంగీకరించలేకే ఈ గొడవని ఆమె వాదన. తమ అభ్యంతరం ఆమె నాయకత్వ తీరుపై, ఎంపిక జరిగిన పద్ధతిపై అని ఆందోళనకారులు చెప్పారు. నాయకుడికి బధిరత్వం ఒక్కటే అర్హత కాదన్నమాట.

మరి ఏది అర్హత? జవాబు రోజువారీ సమావేశాల్లో దొరుకుతుంది. పై అధికారి బోర్డువైపు తిరిగి మాట్లాడితే పెదవుల కదలిక కనిపించదు. నలుగురూ ఒకేసారి మాట్లాడితే అనువాదకుడూ చేతులెత్తేస్తాడు. "తర్వాత చెబుతాలే" అన్న మాటతో నిర్ణయంలో ఆ ఉద్యోగి పాత్ర ముగిసిపోతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో వినికిడి లోపమున్న వారికి 1 శాతం కేటాయించింది. కుర్చీ చట్టం ఇస్తుంది. మాట్లాడే వంతు ఇవ్వాల్సింది మాత్రం నాయకుడే.

ఆ వంతు ఇవ్వడం కష్టమేమీ కాదు. 2023 సెప్టెంబర్‌లో బధిర న్యాయవాది సారా సన్నీ అనువాదకుడి సాయంతో సుప్రీంకోర్టు విచారణలో పాల్గొనేందుకు నాటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ అనుమతించారు. మరుసటి నెలలో న్యాయస్థానమే ఆమె కోసం అనువాదకుణ్ణి ఏర్పాటు చేసింది.

ఇందులోని మర్మం అండమాన్ రాజధాని శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్)లోని డైరీ ఫార్మ్ వంటి చోట ఉండేవారికి ఇట్టే బోధపడుతుంది. బెంగాలీ, తమిళం, తెలుగు, మలయాళం కలగలిసిన ఆ దీవుల్లో నలుగురు కూడితే మాట హిందీలోకి మళ్లుతుంది. పక్కవాడికి అర్థం కావాలన్న మర్యాద అది. బధిర సహోద్యోగి పక్కన కూర్చున్నప్పుడు ఆ మర్యాద చేతుల దాకా రావాలి. దాన్ని ముందుగా మొదలుపెట్టేవాడే నాయకుడు.