కట్టు కోసే రంపం విమానమెక్కింది

పిండికట్టు తీయించుకునే రోజున రంపం మోత వినగానే పిల్లలు ఏడుపు లంకించుకుంటారు. పాపం, ఆ రంపం అంత క్రూరమైంది కాదు. దాని బ్లేడు గిర్రున తిరగదు. కొద్ది డిగ్రీల మేర అటూ ఇటూ అతివేగంగా ఊగుతుంది, అంతే. బిగుసుకున్న కట్టు దానితోపాటు ఊగలేక తెగుతుంది, మెత్తటి చర్మం ఊగి తప్పించుకుంటుంది. అమెరికాలోని కలమజూ పట్టణపు ఎముకల డాక్టరు హోమర్ స్ట్రైకర్‌కు 1947లో దీని మీద పేటెంటు దక్కింది. 1967లో జర్మనీకి చెందిన ఫైన్ కంపెనీ ఇలాంటి రంపాన్నే తయారుచేసి, తర్వాత దాన్ని ఆస్పత్రి గడప దాటించి కార్ల మరమ్మతు షెడ్లకు, వడ్రంగులకు అందించింది.

అక్కడి నుంచి ఇళ్లలో విమానాలు కట్టుకునేవాళ్ల చేతికొచ్చింది.

విమానాల డిజైనరు బర్ట్ రుటాన్ రూపొందించిన, ఇంట్లో కట్టుకునే వేరీఈజీ విమానం 1975లో కాలిఫోర్నియాలోని మోహావీలో ఎగిరింది. వేడి తీగతో ఫోమ్ దిమ్మెను రెక్క ఆకారంలో కోసి, దానిపై ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి ఎపాక్సీతో తడపడమే అందులోని కిటుకు. రివెట్ల వరసలుండవు. చిక్కూ అక్కడే ఉంది: ఇలాంటి విమానంలో అంతా మూసేశాక లోపలి కంట్రోలు రాడ్డునో, దాని బోల్టునో చూడాలంటే దారేదీ? అమెరికాలో సొంతంగా కట్టుకున్న విమానాన్ని 12 నెలలకోసారి తనిఖీ చేసి తీరాలి మరి.

అందుకు పైపొరలో కన్నం కోసి మూత పెట్టాలి. దేనితో కోయాలి? జిగ్‌సా బ్లేడు పైకీ కిందికీ పొడుస్తూ పొరలను లేపేస్తుంది, లోపలున్న వైరునూ తెంపగలదు. గ్రైండరు చక్రం మూల దాటి ముందుకు పోతుంది. ఊగే రంపానికి ఆ దుడుకు లేదు. గీసిన గీత మీద నిలువుగా దించి, కావలసిన లోతులో ఆపవచ్చు. కోత వెడల్పు మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ. అసలు లాభం ఇదే: కోసి తీసిన ముక్కే మూత అవుతుంది, ఒంపుతో సహా సరిపోతుంది. గాజు ఉక్కు పళ్లను ఇట్టే మొద్దుబారుస్తుంది కాబట్టి కార్బైడ్ బ్లేడో, వజ్రపు పొడి అద్దిందో కావాలి. ఆ ధూళికి మాస్కు తప్పదు.

తిన్నని బ్లేడు వంపు తిరగదు. మూలల దగ్గర సన్న బ్లేడుతో గాట్లు పెడుతూ ఓపిగ్గా గుండ్రం చేయాలి. ఇది అందం కోసం కాదు. లాగుతున్న పలకలో గుండ్రటి కన్నం అంచున ఒత్తిడి మూడింతలవుతుందని జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లోనే లెక్కకట్టాడు. కోసుగా ఉన్న మూలలో ఇంకా ఎక్కువ. పైగా ఇక్కడ బరువు మోసే నారలే తెగిపోయాయి. అందుకే లోపలివైపు కన్నం చుట్టూ అదనపు పొరలతో చేసిన చట్రాన్ని అతికిస్తారు. కన్నం కన్నా పెద్దదైన చట్రం లోపలికెలా పోతుంది? ఒకచోట తెంచి, మెలిపెట్టి దూరుస్తారు! మూత దాని మీద కూర్చుని స్క్రూలతో బిగుస్తుంది.

రెక్క పొడవునా ప్రధాన భారం మోసే స్పార్ పట్టీ జోలికి మాత్రం, ఎంత సన్నని బ్లేడున్నా, తెలిసినవాళ్లెవరూ పోరు.