ఇంటి వీడియో గేమ్ యంత్రము: ఖరీదా? కౌలా?

నేడు అనేక మధ్యతరగతి ఇండ్లలో టెలివిజన్ ప్రక్కన మరియొక పెట్టె చోటు చేసుకొన్నది. దానినే వీడియో గేమ్ కన్సోల్ అందురు. పిల్లలు దానిని ఆటవస్తువుగాను, పెద్దలు కాలహరణ సాధనముగాను చూతురు. ఆ ఆటలు మంచివా, చెడ్డవా అను చర్చలోనికి మేము ఈ వ్యాసములో పోదలచుకొనలేదు. వేలకొలది రూపాయలు పోసి తెచ్చుకొన్న ఆ పెట్టె నిజముగా ఎవరిది అను ప్రశ్ననే విచారింపదలచితిమి. చూచుటకు ఇది చిన్న ప్రశ్న. కాని సెల్‌ఫోన్ నుండి ట్రాక్టరు వరకు మన చేతికి వచ్చు ప్రతి యంత్రమునకు ఇదే ప్రశ్న వర్తించును.

సొంత పొలము, కౌలు పొలము అను భేదమును గుంటూరు, ప్రకాశం జిల్లాల వారికి ఎవరును బోధింపనక్కరలేదు. సొంత పొలములో బోరు వేయవచ్చును, గట్టు మార్చవచ్చును, పత్తి మాని మిరప వేయవచ్చును. కౌలు పొలములో ఇవన్నియు ఒప్పుదలకు లోబడియుండును. ఖరీదు, కౌలు, హక్కు, మరమ్మతు అను మాటలు అరబీ, పారశీక భాషల నుండి ఉర్దూలోనికి, తెలుగులోనికి వచ్చి స్థిరపడినవని మన విద్యార్థులకు తెలియును. కౌలు అనగా మూలార్థములో 'మాట', 'ఇచ్చిన మాట'. మన యంత్రపు కథ అంతయు ఈ నాలుగు మాటలలోనే ఇమిడియున్నది.

పుట్టుక

ఇంటి టెలివిజన్‌కు తగిలించి ఆడుకొను మొదటి యంత్రము 1972లో అమెరికాలో వెలువడినది. దాని పేరు మాగ్నవాక్స్ ఒడిస్సీ. దానికి మూలపురుషుడు రాల్ఫ్ బేర్. ఆయన జర్మనీలో పుట్టి, నాజీల కాలములో కుటుంబముతో అమెరికా చేరిన యూదు ఇంజనీరు. 1976లో ఫెయిర్‌చైల్డ్ సంస్థ ఛానెల్ ఎఫ్ అను యంత్రమును తెచ్చినది. ఆటను మార్చుటకు వీలుగా ఊడదీసి పెట్టుకొను గుళికలు దీనితోనే వచ్చినవి. ఆ పనికి నాయకత్వము వహించినవాడు జెర్రీ లాసన్ అను నల్లజాతి ఇంజనీరు. యంత్రము ఒకటి, ఆటలు అనేకము అను పద్ధతి అప్పటి నుండి స్థిరపడినది. 1977లో అటారి, 1983లో జపాను దేశపు నింటెండో వారి ఫామికామ్ ఈ పద్ధతిని లోకమంతట వ్యాపింపజేసినవి.

క్యాసెట్ల కాలము

మన దేశమున ఈ ఆటలు ఎక్కువగా ఫామికామ్ రూపములోను, దాని నకళ్ల రూపములోను ప్రవేశించినవి. 'సమురాయ్', 'లిటిల్ మాస్టర్' వంటి పేర్లతో వచ్చిన పెట్టెలు 1990 ప్రాంతపు పిల్లలకు సుపరిచితములు. ఆ గుళికలను మనవారు 'క్యాసెట్' అనిరి. గంటకు ఇంత అని అద్దె కట్టి ఆడించు దుకాణములు కూడ పట్టణములలో వెలసినవి.

ఆ యంత్రము కొన్నవానిదే. అందు సందేహము లేదు. దాని జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు మాత్రమే. 1985 నాటి సూపర్ మారియో ఆట అంతయు 40 కిలోబైట్లలో ఇమిడినది. ఆ ఆట క్యాసెట్ లోపలి చిప్‌లో శాశ్వతముగా ఉండును. స్నేహితునికి ఎరువు ఈయవచ్చును, అమ్మవచ్చును, ముప్పది ఏండ్ల తరువాత తీసి ఆడవచ్చును. తయారుచేసిన సంస్థ ఉన్నదా, మూతపడినదా అను చింత లేదు.

మరమ్మతు కూడ అట్లే సులభము. యంత్రము వెలుగకున్న మొదట అడాప్టరును, తరువాత లోపలి 7805 అను మూడు కాళ్ల రెగ్యులేటరును మల్టీమీటరుతో పరీక్షింతురు. అది వచ్చిన విద్యుత్తును 5 వోల్టులకు తగ్గించి చిప్‌లకు అందించును. 5 వోల్టులు రాకున్న దానిని మార్చిన సరిపోవును. రేడియో బాగుచేయుట నేర్చిన ఏ మెకానిక్కు అయినను ఈ పని చేయగలడు. బొమ్మ రానప్పుడు పిల్లలు క్యాసెట్‌ను నోటితో ఊదుట ఆనాటి ఆచారము. నిజమునకు బొమ్మ వచ్చుటకు కారణము ఊదుట కాదు, తీసి మరల పెట్టుటచే కాంటాక్టులు సరిగా కలియుట. నోటి తేమ వలన ఆ లోహపు పట్టీలు కాలక్రమమున చిలుము పట్టును. మెత్తని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడుచుటయే సరియైన పద్ధతి.

నేటి యంత్రము, మన ఎండలు

2021 ఫిబ్రవరి 2న ప్లేస్టేషన్ 5 మన దేశములో విడుదలయినప్పుడు దాని ధర 49,990 రూపాయలు. అది రూపమున ఆటవస్తువు, స్వభావమున శక్తిమంతమైన కంప్యూటరు. నేటి పెద్ద ఆట ఒక్కొక్కటి 100 గిగాబైట్ల వరకు ఉండును. నాటి మారియో కంటె ఇది 25 లక్షల రెట్లు పెద్దది.

ఇట్టి యంత్రమునకు మొదటి శత్రువు వేడి. 5 మొదలు 35 డిగ్రీల ఉష్ణోగ్రతలో వాడవలెనని దాని సూచనల పుస్తకములోనే ఉన్నది. మన తాడేపల్లిలో వేసవి మధ్యాహ్నములు 40 డిగ్రీలు దాటుట మామూలే. రెండవ శత్రువు దుమ్ము. రహదారి ధూళికి తోడు పత్తి నూగు, మిర్చి కల్లముల పొడి గల ప్రాంతము మనది. ఇవి ఫ్యానులోను, రేకుల సందులలోను పేరుకొన్న గాలి ఆడదు, ఫ్యాను రొద పెరుగును, చివరకు యంత్రము తనంతట తానే ఆగిపోవును. కావున దీనిని అలమరలో బంధింపక, చుట్టును నాలుగు వ్రేళ్ల ఖాళీ విడిచి, నేల మీద గాక బల్ల మీద ఉంచవలెను. పక్క పలకలు తీసి నెలకొకమారు దుమ్ము శుభ్రము చేయవలెను.

వేడి ఎంత నష్టము చేయగలదో లోకమునకు చాటినది మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360. అది మన దేశమునకు 2006లో వచ్చినది. మరల మరల కాగుట, చల్లారుట వలన దాని చిప్‌ల సన్నని సోల్డర్ అతుకులు బీటలు వారెను. ముందు భాగమున మూడు ఎర్ర దీపములు వెలిగిన యంత్రము పోయినట్లే. 2007 జులైలో ఆ సంస్థ ఈ లోపమునకు హామీ కాలమును 3 సంవత్సరములకు పెంచి, అందులకై 100 కోట్ల డాలర్లకు పైగా కేటాయింపవలసివచ్చెను.

మరియొక సామాన్యమైన జబ్బు చేతిలోని కంట్రోలరుది. వేలు తాకకున్నను బొమ్మ ఒక ప్రక్కకు జరిగిపోవుచుండును. కర్ర క్రింద కార్బన్ పూత గల చిన్న పొటెన్షియోమీటర్లు ఉండును. రాపిడికి ఆ పూత అరుగుటయే దీనికి ముఖ్య కారణము. రేడియో వాల్యూము మీట పాతబడిన గరగరలాడుటయు ఇట్టిదే. సోల్డరింగ్ తెలిసిన విద్యార్థి దీనిని మార్చగలడు. అయస్కాంతముతో పనిచేయు హాల్ సెన్సార్లలో ఈ అరుగుదల లేదు.

అయితే అన్ని మరమ్మతులును ఇంత సులభము కావు. ప్లేస్టేషన్ 5లో ముఖ్య చిప్ పైన ద్రవలోహము ఉండును. అది విద్యుద్వాహకము. అజాగ్రత్తగా తెరచి దానిని ఒలికించినచో బోర్డు అంతయు పాడగును. ఇక డిస్క్ డ్రైవ్‌కు, మదర్ బోర్డుకు తయారీలోనే రహస్య సంకేతముతో జోడు కట్టియుందురు. డ్రైవ్ పాడయినచో అట్టిదే మరియొకటి తెచ్చి తగిలించినను, దాని అసలు సర్క్యూట్‌ను కూడ మార్పనిదే ఆటల డిస్కులు చదువదు. విడిభాగము చేతిలో ఉన్నను, పనితనము ఉన్నను మరమ్మతు సాగదు. అడ్డు వచ్చినది చేతగానితనము కాదు, తాళము.

నవీకరణ: ఇచ్చుచేయి, పుచ్చుకొనుచేయి

యంత్రమును నడిపించు సాఫ్ట్‌వేర్‌ను సంస్థ దూరము నుండి మార్చుటనే నవీకరణ, అనగా అప్‌డేట్ అందురు. దీనివలన మేలు కలదు. ప్లేస్టేషన్ 5 లోపల అదనపు నిల్వ పెట్టుకొను స్థానము మొదటి నుండియు ఉన్నను, 2021 సెప్టెంబరు నవీకరణతోనే అది అందరికిని పనికి వచ్చినది. ప్లేస్టేషన్ 4 కథ ఇంకను బోధప్రదము. దానిలో గడియారము కొరకు ఒక చిన్న నాణెపు బ్యాటరీ కలదు. అది అయిపోయి, నెట్‌వర్క్ సేవ కూడ లేనిచో, కొని దాచుకొన్న ఆటలు సైతము తెరచుకొనవని ఆటగాండ్రు కనుగొనిరి. 2021 సెప్టెంబరులో వచ్చిన 9.00 నవీకరణ ఆ లోపమును సవరించినది.

ఇచ్చిన చేయియే పుచ్చుకొనుటయు కలదు. ప్లేస్టేషన్ 3 యంత్రము 2006లో వచ్చినప్పుడు దానిలో లినక్స్ వంటి వేరొక ఆపరేటింగ్ సిస్టమును పెట్టుకొను సౌకర్యము ఉండెడిది. విజ్ఞానశాస్త్రజ్ఞులు దానిని చౌకయైన గణనయంత్రముగా వాడుకొనిరి. అమెరికా వైమానిక దళ పరిశోధనశాల 1,760 ప్లేస్టేషన్‌లను కలిపి ఒక సూపర్ కంప్యూటరునే నిర్మించెను. అట్టి సౌకర్యమును 2010 ఏప్రిల్ 1న వచ్చిన 3.21 నవీకరణ తొలగించినది. భద్రత కొరకని సంస్థ చెప్పెను. నవీకరణ వద్దన్నవారికి ఆన్‌లైన్ ఆటలు నిలిచిపోయెను, ఒప్పుకొన్నవారికి లినక్స్ పోయెను. కొన్ననాడు ఉన్నది నాలుగేండ్లకు లేకపోయెను. అమెరికాలో వినియోగదారులు న్యాయస్థానమునకు పోగా, అనేక సంవత్సరముల తరువాత ఆ వివాదము రాజీతో ముగిసినది.

ఖరీదా? కౌలా?

నేడు ఆటలను డిస్కు లేకుండ నెట్ ద్వారా కొనుట హెచ్చినది. 'కొనుము' అను మీట నొక్కుదుము. కాని అంగీకార పత్రములో మనకు లభించునది ఆట కాదు, ఆడుకొను అనుమతి మాత్రమే అని వ్రాసియుండును. 2023 మార్చిలో నింటెండో తన 3డీఎస్, వీ యూ యంత్రముల ఆటల అంగడిని మూసివేసినది. యూబీసాఫ్ట్ వారి 'ది క్రూ' అను కారు పందెముల ఆట సర్వర్లు 2024 మార్చి 31న ఆగిపోగా, డిస్కు కొని ఇంట ఉంచుకొన్నవారు కూడ దానిని ఆడలేకపోయిరి. 2024లో కాలిఫోర్నియా రాష్ట్రము ఒక శాసనము చేసినది. ఇచ్చునది అనుమతి మాత్రమే అయినప్పుడు ఆ సంగతి స్పష్టముగా తెలుపక 'కొనుము' అను మాట వాడరాదని దాని సారాంశము. అది 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది.

కౌలు తప్పు కాదు. కౌలును ఖరీదు అని చెప్పి ఖరీదు సొమ్ము పుచ్చుకొనుట తప్పు. బేరములో వస్తువు గుణదోషములను దాచరాదని మన ధర్మము బోధించుచున్నది. పొలము కౌలుకు తీసుకొనువాడు గడువు ఎంత, షరతులు ఏవి అని ముందే అడుగును. ఈ యంత్రము కొనువాడును అట్లే అడుగవలెను.

మరమ్మతు హక్కు

ఈ విషయమున లోకము మేలుకొనుచున్నది. 2021లో అమెరికా కాపీరైట్ కార్యాలయపు సిఫారసుపై, కన్సోల్ డిస్క్ డ్రైవ్‌ను బాగుచేయుటకు డిజిటల్ తాళమును దాటవచ్చునని మినహాయింపు ఇయ్యబడినది. మన దేశములో 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై ఒక సంఘమును నియమించినది. అదే సంవత్సరము డిసెంబరు 24న అందులకై ఒక పోర్టల్ కూడ ప్రారంభమైనది. వ్యవసాయ యంత్రములు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణములు, వాహనములు అను నాలుగు రంగములను తొలుత ఎంచుకొనిరి.

ఇది ఆటల సంగతి మాత్రమే కాదు. మన ఊళ్లలో రేడియో, టీవీ, సెల్‌ఫోన్ మరమ్మతు బల్లల వద్ద కూర్చుండి ఇల్లు గడుపుకొను యువకులు ఎందరో కలరు. వారిలో మన కళాశాల వంటి చోట్ల చదివిన పిల్లలును ఉందురు. ప్రతి విడిభాగమునకు తాళము పడినచో మొదట మూతపడునవి ఆ బల్లలే.

మన కర్తవ్యము

ఈ యంత్రము కొనదలచిన విద్యార్థులు కొన్ని మాటలు గుర్తుంచుకొనవలెను. వీలయిన డిస్కు పెట్టుకొను రకమునే తీసుకొనవలెను. ఆట ముగిసిన తరువాత డిస్కును అమ్మవచ్చును, మిత్రునికి ఈయవచ్చును. ఆట నెట్ లేకుండ నడచునో లేదో ముందుగా విచారింపవలెను. నవీకరణ జరుగుచుండగా కరెంటు పోయినచో సాఫ్ట్‌వేర్ చెడవచ్చును కావున ఇన్వర్టరు ఉన్నప్పుడో, కోత లేని వేళనో ఆ పని చేయవలెను. ఒకవేళ చెడినను బెదరిపోనక్కరలేదు. సేఫ్ మోడ్‌లో తెరచి, సంస్థ వెబ్‌సైటు నుండి పెన్‌డ్రైవ్‌లోనికి తెచ్చుకొన్న సాఫ్ట్‌వేర్‌ను మరల ఎక్కింపవచ్చును. సేవ్ చేసిన ఆటల నకలును వేరుగా దాచుకొనవలెను. పూర్తిగా పాడయిన యంత్రమును చెత్తలో వేయక, 2022 నాటి ఈ-వ్యర్థముల నిబంధనలను అనుసరించి గుర్తింపు పొందిన సేకరణదారులకు అప్పగింపవలెను.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒకటి కలదు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక మరమ్మతు బల్లను ఏర్పాటు చేయవలెను. రెండు మల్టీమీటర్లు, రెండు సోల్డరింగ్ ఐరన్లు, ఊరివారు పారవేయనున్న పాత గేమ్ పెట్టెలు కొన్ని ఉన్నచో చాలును. రెగ్యులేటరు, పొటెన్షియోమీటరు అను పాఠములు పుస్తకములో కంటె అక్కడ బాగుగా మనసునకు పట్టును.

తెలుగువారు ఈ రంగమునకు క్రొత్తవారు కారు. ప్లేస్టేషన్ 2 కొరకు 2009లో వచ్చిన 'హనుమాన్: బాయ్ వారియర్' ఆటను హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ వారు తయారుచేసిరి. ఎక్స్‌బాక్స్ తయారుచేయు మైక్రోసాఫ్ట్‌కు 2014 నుండి సారథ్యము వహించుచున్న సత్య నాదెళ్ల హైదరాబాదులో జన్మించినవారే. తయారుచేయు నేర్పు మనవారికి కలదు. బాగుచేయు నేర్పు మన వీధులలోనే కలదు. ఇక కావలసినది కొన్న వస్తువుపై మన హక్కు ఎంతవరకో చదివి తెలిసికొని, తెలిసినదానిని నిలబెట్టుకొను పట్టుదల. అది మన విద్యార్థులకు అలవడుగాక అని మా ఆకాంక్ష.