స్వీయనిర్మిత సి.ఎన్.సి. రౌటర్ – ధూళి సేకరణ: మార్కాపురం పలకరాయి నేపథ్యం

వ్యాససంగ్రహం:
ఇంట్లో నిర్మించుకొనే సి.ఎన్.సి. రౌటర్‌లో ధూళి సేకరణ అనుబంధం కాదు, అంతర్భాగం. మార్కాపురం–త్రిపురాంతకం ప్రాంతపు పలకరాయి ఆధారంగా ఈ విషయాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సి.ఎన్.సి. రౌటర్, పలకరాయి, సిలికా, సైక్లోన్, మార్కాపురం.

1. ప్రవేశిక:
మార్కాపురం పేరు వినగానే పలక గుర్తుకు వస్తుంది. తరతరాల పిల్లలు అక్షరాలు దిద్దిన ఆ రాయిలో క్వార్ట్జ్, అనగా స్ఫటికరూప సిలికా ఉంటుంది. పొడిగా కోసినా, చెక్కినా అది సన్నని ధూళిగా వెలువడుతుంది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాల పరిశ్రమ కార్మికులపై 1985లో ప్రచురితమైన అధ్యయనంలో, పరీక్షించిన 593 మందిలో 54.6 శాతం మందికి సిలికోసిస్ ఉన్నట్లు తేలింది. ఊపిరితిత్తులు గట్టిపడే ఈ వ్యాధి నయం కాదు. ఇంటి షెడ్డులో ఒక్కరే నడుపుకొనే యంత్రం దగ్గరకు తనిఖీ అధికారులు రారు. కాబట్టి రక్షణ యంత్రనిర్మాణంలోనే ఉండాలి.

2. యంత్రం – ధూళి పుట్టుక:
స్వీయనిర్మిత రౌటర్‌లో దృఢమైన చట్రం, మూడు దిశలలో కదిలించే స్టెప్పర్ మోటార్లు, మరలు, ఆజ్ఞలనందించే చిన్న నియంత్రణ బోర్డు, కోతపనిముట్టును తిప్పే స్పిండిల్ ప్రధానాంగాలు. నిమిషానికి 18,000 సార్లు తిరిగే రెండంచుల పనిముట్టు అదే నిమిషంలో 36,000 కోతలు వేస్తుంది. కర్రపై అది నిమిషానికి 1,800 మిల్లీమీటర్లు ముందుకు సాగితే ఒక్కొక్క కోత మందం 0.05 మిల్లీమీటరు, వేగాన్ని రెట్టింపు చేస్తే 0.1 మిల్లీమీటరు. చట్రం వణకకుండా ఉంటేనే ఆ వేగం సాధ్యం. పొట్టు ముతకగా వస్తే పట్టుకోవడం సులభం. అంటే ధూళి నియంత్రణ చట్రం దృఢత్వంతోనే మొదలవుతుంది.

3. ధూళి సేకరణ:
పీల్చే గొట్టం మూతి నుండి దాని వ్యాసమంత దూరం జరిగితే గాలివేగం సుమారు పదోవంతుకు పడిపోతుంది. అందువల్ల గొట్టాన్ని పక్కన వేలాడదీస్తే ప్రయోజనం స్వల్పం. స్పిండిల్ చుట్టూ కుచ్చుల అంచుగల తొడుగును అమర్చి, ధూళి పుట్టిన చోటే పట్టాలి. అక్కడి నుండి గాలి సైక్లోన్‌లో సుడి తిరుగుతుంది. బరువైన పొట్టు గోడకు తగిలి కింది డబ్బాలో పడుతుంది. సుమారు 10 మైక్రాన్ల కన్న సన్నని కణాలలో అధికభాగం మాత్రం తప్పించుకుంటుంది. ఊపిరితిత్తుల లోతుకు చేరేవి ఇవే. సాధారణ గుడ్డసంచి వీటిని తిరిగి గదిలోకే వదులుతుంది. కాబట్టి సైక్లోన్ తరువాత 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం పట్టే హెపా వడపోత అవసరం. ప్లాస్టిక్ గొట్టాలలో స్థిరవిద్యుత్తు పేరుకొంటుంది గనుక ఎర్తింగ్ తప్పనిసరి.

4. కర్ర – రాయి:
కర్రధూళి కూడా నిరపాయకరం కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దానినీ, స్ఫటికరూప సిలికా ధూళినీ మానవులలో క్యాన్సర్ కారకాలుగా గుర్తించింది. అయితే కర్రకు సరిపోయే ఏర్పాటు రాతికి చాలదు. ఒక మైక్రాన్ క్వార్ట్జ్ కణం కదలని గాలిలోనైనా మనిషి ముఖమెత్తు నుండి నేలకు దిగడానికి నాలుగు గంటలకు పైగా పడుతుంది. యంత్రం ఆగినా గాలి శుభ్రపడినట్లు కాదు. పలకరాయిని నీటిధారతో తడుపుతూ చెక్కడం ప్రధానోపాయం. అప్పుడు విద్యుద్భాగాలకు నీరు తగలకుండా కప్పు, తడిబురదకు ప్రత్యేక తొట్టి ఉండాలి. బురద ఆరితే మళ్ళీ ధూళే కనుక దానిని తడిగానే తీసివేయాలి, పొడిచీపురు వాడరాదు.

5. ముగింపు:
రౌటర్ కొలతలు నిర్ణయించేటప్పుడే తొడుగు, గొట్టం, వడపోతలకు స్థానం, వ్యయం కేటాయించాలి. వాటికి డబ్బు చాలనప్పుడు యంత్రం పరిమాణాన్ని తగ్గించుకోవడమే ఉచితం. కంటికి కనిపించే పొట్టు నేలను పాడుచేస్తుంది; కనిపించనిది ఊపిరిని పాడుచేస్తుంది. ధూళి సేకరణ సామర్థ్యాన్ని ఈ రెండవదానితోనే కొలవాలి.