ఇల్లు మరచిన యింటిపెద్ద

అత్తాపూరులో ఇంటి గుర్తు చెప్పవలసివస్తే వీధి పేరుకంటె ముందు వంతెన స్తంభము నెంబరు చెపుతారు. మెహదీపట్నమునుండి ఆరాంఘర్ వరకు సాగే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ మార్గము 2009లో ప్రారంభమైన నాటినుండి ఆ స్తంభాలే అక్కడివారికి ఆనవాళ్లు. కాని ఆ నెంబరునే మరచిన పెద్దమనిషి గతి ఏమిటి? 30 ఏండ్లు బడిలో హాజరుపట్టీ పిలిచిన ఒక ఉపాధ్యాయుని ఊహించుకొందాము. సాయంకాలము కాగానే ఆయన చేతికఱ్ఱ పుచ్చుకొని, “ఇంటికి పోవాలి” అని లేస్తారు. ఆయన ఉన్నది తన యింటిలోనే!

దీనిని వార్ధక్యపు చాదస్తమని తీసివేయడము పొరపాటు. డిమెన్షియా మెదడు క్షీణించుటవలన కలిగేది. దానికి ముఖ్యకారణమైన వ్యాధిని 1906లో జర్మను వైద్యుడు ఆల్జ్‌హైమర్ వర్ణించినాడు. నిన్నటి సంగతి ముందు చెరిగిపోతుంది. చిన్ననాటిది చాలకాలము నిలుస్తుంది. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనములో, రెండు భాషలు మాట్లాడేవారికి ఈ లక్షణాలు సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా పొడసూపినట్లు తేలినది. అయితే వ్యాధి వచ్చిన తరువాత దానిని పూర్తిగా నయముచేసే మందు లేదు. అందుచేత సేవయే ప్రధానము.

“ఇదే మీ యిల్లు” అని వాదిస్తే ఆయన కలత హెచ్చుతుంది. పని తెలిసిన నర్సు వాదించదు. “పోదాం సారూ, చాయ్ తాగి బయలుదేరుదాం” అంటుంది. మెల్లగా ఆయన చెప్పిన పాఠాల ఊసెత్తుతుంది. కొంతసేపటికి చేతికఱ్ఱ గోడకు చేరుతుంది. సంజవేళ కలత పెరగడము ఈ వ్యాధిలో తరచు కనిపించేదే. కనుక చీకటి పడకముందే దీపాలు వెలిగించాలి. స్నానము, భోజనము, మందులు ఏ రోజుకారోజు అదే వేళకు జరగాలి. స్నానాలగదిలో నేల తడి లేకుండ చూడాలి. జేబులో ఇంటి చిరునామా, ఫోను నెంబరు వ్రాసిన చీటీ ఉండాలి.

నర్సు వచ్చినంతమాత్రాన ఇంటివారి భారము తీరదు. రాత్రులు నిద్ర లేనిది భార్యకు, లేదా కోడలికి. “ఎవరమ్మా నీవు?” అని తండ్రి అడిగిననాడు కూతురి దుఃఖము చెప్పనలవి కాదు. ఆమెకు ఒక పూట విశ్రాంతి, ఒక మంచిమాట దొరకకపోతే రెండవ రోగి ఆమెయే అవుతుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు వంతులు వేసుకోవాలి. నర్సుకు కూడ సెలవు ఉండాలి. వయోవృద్ధుల సహాయానికి 14567 అనే జాతీయ ఫోను నెంబరు కలదు.

పిల్లలు చేయగల సేవ కూడ లేకపోలేదు. తాతగారి ప్రక్కన కూర్చుండి, ఎక్కాలు ఒప్పజెప్పుమని అడగవచ్చును. మనుమని పేరు తప్పిపోయినా పదమూడో ఎక్కము తప్పకపోవచ్చును. ఆయన మరచినది మనలను. ఆయనను మనము మరువరాదు.