యంత్రం చదివే బిల్లు

సరఫరాదారు బిల్లును ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే తపాలా ఖర్చు మిగులుతుంది గాని పని మిగలదు. గుమాస్తా ఆ అంకెలను మరల తన కంప్యూటరులో ఎక్కించవలసిందే. తప్పులు దొర్లేది అక్కడే. మధ్యలో మనిషి చేయి తగలకుండా రెండు సంస్థల కంప్యూటర్లు ఆర్డర్లను, బిల్లులను, రవాణా పత్రాలను నేరుగా ఇచ్చిపుచ్చుకునే విధానాన్ని ఎలక్ట్రానిక్ డేటా ఇంటర్‌ఛేంజ్, క్లుప్తంగా ఇ.డి.ఐ. అంటారు.

దీని మూలం అంగడిలో లేదు, ఒక దిగ్బంధంలో ఉన్నది. 1948 జూన్‌లో సోవియట్ సేనలు పశ్చిమ బెర్లిన్‌కు రోడ్డు, రైలు, జలమార్గాలను మూసివేశాయి. ఇరవై లక్షలకు పైబడిన జనానికి బొగ్గు మొదలు పిండి వరకు విమానాలలోనే చేరవలసి వచ్చింది. 1949 సెప్టెంబరు నాటికి అలా చేరిన సరుకు సుమారు 23 లక్షల టన్నులు. ఆ సరుకుల వెంట వచ్చే పట్టీలు మాత్రం తలకొక తీరున, వేర్వేరు భాషలలో ఉండేవి. అమెరికా సైన్యంలో సరఫరాల పని చూస్తున్న ఎడ్వర్డ్ గిల్బర్ట్, తన సహచరులతో కలసి, టెలెక్స్ ద్వారానైనా టెలిఫోను ద్వారానైనా పంపదగిన ఒకే నమూనా పట్టీని రూపొందించాడు. టెలెక్స్ అప్పటికే ఉన్నది. కొత్తగా వచ్చినదల్లా ఏ వివరం ఏ స్థానంలో ఉండాలన్న అంగీకారమే.

ఆయన తరువాత డ్యూపాంట్ సంస్థలో చేరి ఆ ఆలోచనను వ్యాపార రవాణాకు అన్వయించాడు. అమెరికా రవాణా సంస్థల ఉమ్మడి సంఘం 1968లో ఏర్పడి, 1975లో తొలి ప్రమాణాలను వెలువరించింది. 1979లో ఎక్స్12 ప్రమాణాల సంఘం, 1987లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఎడిఫాక్ట్ వచ్చాయి.

ఎక్స్12లో ప్రతి పత్రానికి ఒక సంఖ్య ఉంటుంది. కొనుగోలు ఆర్డరు 850, సరుకు బయలుదేరిన సమాచారం 856, బిల్లు 810. సందేశం అందినట్లు తెలిపే 997 వచ్చినంత మాత్రాన కొనుగోలుదారు బిల్లుకు సమ్మతించినట్లు కాదు. వాక్యంలో వ్యాకరణ దోషం లేదని చెప్పడమే దాని పని. అర్థం సంగతి దానికి పట్టదు.

మన దేశంలో జి.ఎస్.టి. ఇ-ఇన్వాయిస్‌కు ఆధారం ఈ సూత్రమే. ఏడాది టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారులు, ఇతర వ్యాపారులకు ఇచ్చే బిల్లులను 2023 ఆగస్టు 1 నుండి నిర్ణీత రూపంలో పోర్టల్‌లో నమోదు చేయాలి. నమోదైన బిల్లుకు 64 అక్షరాల సంఖ్య, క్యూఆర్ కోడ్ లభిస్తాయి. నమోదు తప్పనిసరి అయినచోట అది లేని బిల్లు చట్టం దృష్టిలో బిల్లే కాదు. కొనుగోలుదారుకు రావలసిన పన్ను జమ చిక్కులో పడుతుంది, మీకు రావలసిన సొమ్ము కూడా ఆగవచ్చు.

సరిహద్దు రాష్ట్రాలతో వ్యాపారం చేసేవారు ఒకటి గమనించాలి. ఒకే సంస్థకు రాష్ట్రానికొక జి.ఎస్.టి. సంఖ్య ఉంటుంది. మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి: కర్ణాటకకు 29, తమిళనాడుకు 33, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. బెంగళూరు శాఖకు అమ్మి హైదరాబాదు శాఖ సంఖ్య వేస్తే, ఆ సంఖ్య సరైనదే గనుక యంత్రం ఆక్షేపించకపోవచ్చు. నమోదైన ఇ-ఇన్వాయిస్‌ను ఆ పోర్టల్‌లో దిద్దడం కుదరదు. రద్దు చేయదలిస్తే 24 గంటలే గడువు. అది దాటితే క్రెడిట్ నోటు ఇచ్చి కొత్త బిల్లు వేయవలసి వస్తుంది.